ఏరు రసీదు అడగలేదు

వంతెన మీద బోర్డు: ఐదు టన్నులు.
నా బండి ఖాళీగానే ఆరు.
ఆ సంగతి జిల్లా ఆఫీసులో చెబితే
"మెల్లగా పో" అన్నారు.

నేను పోలేదు. రాచా కొండల్లో ఆ ఊరికి ఇవతలి గట్టునే
ప్రతి గురువారం ఇంజన్ ఆపకుండా నిలబడి
మూడుసార్లు హారన్ కొడతాను.
మొదటి వారం కుక్కలొచ్చాయి.
రెండో వారం కుక్కలూ, ఒక పందీ, బెసో అనే పిల్లాడూ.
మూడో వారానికి పిల్లాడు మానేశాడు.

ఇంటికొకటి చొప్పున నలభై పచ్చ డబ్బాలు ఇచ్చాం,
సంతకాలు పెట్టించుకుని.
చక్రాలున్నాయి, మూతలున్నాయి,
ఏది వెయ్యాలో ఏది కూడదో బొమ్మల కాగితం ఉంది.
ఆ కాగితంతో జుజునా పొయ్యి రాజేసింది.
డబ్బాలో మొక్కజొన్నలు పోసింది.
"ఎలుక దూరదు నాయనా,
దేవుడు మీ ఆఫీసును చల్లగా చూడాలి."
పక్కింటి వ్లాసీ ద్రాక్షపిప్పి ఊరేశాడు, సారాకి.
షెర్మదిన్ మాత్రం నిజంగానే వాడాడు:
పొయ్యిలోంచి తోడిన బూడిద
కణకణలాడుతుండగానే కుమ్మరించాడు.
తెల్లారేసరికి రెండు చక్రాలు,
వాటి మధ్య మాడిన అట్టులాగ ఓ పచ్చ మరక.
"నాసి సరుకు" అన్నాడు నాతో, జాలిగా.

ఊరందరికీ కలిపి ఒక పెద్ద తొట్టి పెడదామని
బడిలో సభ.
కావాలి అని ముప్పై ఒక్క చేతులు లేచాయి.
ఎక్కడ అంటే
ముప్పై ఒక్క వేళ్లు, పక్కింటి వైపు.
ఆ వేళ్లు పట్టుకుని నడిస్తే
ఊరు ఒక చుట్టు చుట్టి
బయల్దేరిన గుమ్మానికే చేరాం.

మనిషికి నెలకి రెండు నాణేలు అనగానే
మ్జెవినార్ లేచింది. కళ్లజోడు తుడుచుకుంది.
"తొక్కలు పంది తింటుంది. పందిని మేం తింటాం.
బొమికలు కుక్కకి. సీసాల్లో మళ్లీ వైను.
చిరుగులు కోళ్లగూటికి.
నా ఇంట్లో పనికిరానివి మీరు పంపే ఉత్తరాలే.
నా చెత్త నాకు చూపించు, డబ్బు పట్టుకెళ్లు."

చూపించలేకపోయాను.

వెనక బెంచీలోంచి ఎవరో:
"ఏరుంది కదా.
తాతలనాటి నుంచీ మోస్తోంది,
ఒక్కనాడూ రసీదు అడగలేదు."

ఏప్రిల్లో మంచు ఒక్కపెట్టున కరిగింది.
ఊరి పైన లోయలో, పొదల్లో,
ఏళ్ల తరబడి ఇరుక్కున్నవన్నీ పెళ్లగించి
ఏరు చర్చి కింది గడ్డినేల మీద పరిచి పోయింది,
సంత పెట్టినట్టు.
జనం వచ్చారు. ముందు నవ్వుకున్నారు.
తీగతో పిడి కట్టిన నీలం బకెట్టు జుజునాది,
ఎడమ బూటు షెర్మదిన్‌ది.
తర్వాత ఎవరి వస్తువు వాళ్లు కాలితో పక్కకి నెట్టారు.
కొందరు పనికొచ్చేవి ఏరుకుపోయారు కూడా.

ఒక జామ్ సీసా పగల్లేదు.
మూత బిగించి ఉంది. చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలు:
ఆలూబుఖారా, కొంచెం పులుపు.
ఊళ్లో ఆ రాత ఎరగనివాళ్లు లేరు.
లోపల మాత్రం సూదులు. ఇన్సులిన్ సూదులు,
మెడ దాకా.

ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం కూడా
ఒక రకం వినపడడమే.

ఆ గురువారం మూడో హారన్‌కి ముందే
వంతెన దాటి వచ్చింది మ్జెవినార్,
పేపర్లో చుట్టిన సీసాతో.
మరో చేతిలో రెండు నాణేలు.

మా బొమ్మల కాగితంలో
ఎర్ర అడ్డగీత కింద నాలుగో బొమ్మ, సూది.
వెయ్యకూడదు.
ఆమె ఆ కాగితం చదివిందో లేదో తెలీదు.
నేను చదివాను.

సీసా తీసుకుని పక్క సీట్లో పెట్టాను.
బెల్టు కట్టాను.
ఎక్కడ ఇవ్వాలో రాయమని ఆఫీసుకి ఉత్తరం పెట్టాను.
ఇది ఐదో గురువారం.
గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా
పక్కన గలగలమంటుంది.